అద్భుత నవలామాలిక: తెలుగు రచనా పద్ధతులు, ఖరగ్‌పూర్ నేపథ్యం

మాంత్రికులు, యక్షులు, శాపాలు, మాయాద్వీపాలు ఉన్న కల్పిత లోకంలో ఏళ్ల తరబడి సాగే ధారావాహికను, లేదా ఒకదాని వెనక ఒకటిగా వచ్చే నవలల వరసను అద్భుత నవలామాలిక అనవచ్చు. తెలుగు పాఠకులు చాలాకాలంగా దీన్ని 'జానపద సీరియల్' అనే పిలుస్తున్నారు. పేరులో జానపదం ఉన్నా, నెల తిరిగేలోగా ప్రెస్సుకు పంపాలన్న ఒత్తిడిలో ఒక రచయిత బల్ల ముందు కూర్చుని రాసేదే ఇది. ఆ రాతపని ఎలా సాగుతుందో, తెలుగులో దానికి ఏ పద్ధతులు స్థిరపడ్డాయో ఈ వ్యాసం చెబుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్నం ఖరగ్‌పూర్‌ను నేపథ్యంగా తీసుకోవడానికి కారణం ఉంది. ఈ ప్రక్రియను పెంచిన తెలుగు, బెంగాలీ, హిందీ కథాసంప్రదాయాలు గోడకు గోడ ఆనుకుని బతుకుతున్న ఊళ్లలో అదొకటి. పైగా తెలుగు సీరియల్ వదిలేసిన కథాసామగ్రి అక్కడ దండిగా ఉంది.

పట్నం, పాఠకులు

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893-96 మధ్య పట్టాలు వేసింది. 1902లో ఆ మార్గపు ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ కంపెనీ చేతికి వచ్చాక వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే యాజమాన్యం కిందికి చేరాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల జనం ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా ఖరగ్‌పూర్ కార్ఖానాకూ లోకో షెడ్డుకూ తరలివెళ్లారు. 1955 నుంచి ఈ పట్నం సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఉంది. దాదాపు 1,072 మీటర్ల పొడవున్న ఇక్కడి ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసింది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. తెలుగుకు అధికార భాష హోదా ఇస్తూ పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో నిర్ణయం తీసుకుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల సంఖ్యే అందుకు ముఖ్య కారణం.

రైల్వే క్వార్టర్లలో ఒక వరసలో తెలుగు ఇల్లు, పక్కన ఒడియా ఇల్లు, ఆ పక్కన బెంగాలీ, ఎదురుగా బీహారీ కుటుంబం ఉండటం మామూలు సంగతి. మద్రాసులో 1947 జూలైలో తెలుగులో మొదలైన పిల్లల మాసపత్రిక 'చందమామ' 1949లో హిందీలోకి, 1956లో ఒడియాలోకి, 1972లో బెంగాలీలోకి వెళ్లింది. కాబట్టి ఆ వరసలోని నాలుగిళ్లూ ఒకే మాంత్రికుణ్ని నాలుగు భాషల్లో చదవగలిగిన కాలం ఒకటుంది. బొమ్మలు మాత్రం నాలుగింట్లోనూ అవే. కథ ఇన్ని భాషల్లోకి పోవాలంటే అది ఎలా రాయాలి అన్న ప్రశ్న దగ్గరే తెలుగు అద్భుత ధారావాహిక రూపం తేలింది.

మజిలీల నుంచి సంచికలకు

చందమామకు ముందే తెలుగులో ఈ రూపానికి అచ్చు పోసిన పుస్తకం మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు'. పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి కాలినడకన బయలుదేరతాడు. తోడుగా రమ్మంటే గోపుడనే పశువుల కాపరి కుర్రాడు ఒక షరతు పెడతాడు: ప్రతి మజిలీలోనూ తాను చూసిన వింతకు కారణం చెప్పాలి. మజిలీ చేరగానే గోపుడు ఊరి మీద పడి ఏదో ఒక విచిత్రం చూసి వస్తాడు, యతి తన దగ్గరున్న మణి మహిమతో దాని వెనక కథ విప్పుతాడు. ఈ ఏర్పాటులోని తెలివి ఏమిటంటే రచయిత ముందుగా లోకం మొత్తాన్ని గీసుకోనక్కర్లేదు. నడక ఉంది, ఆగే చోటు ఉంది, అడిగే కుర్రాడున్నాడు. మిగతాది ఏ మజిలీకి ఆ మజిలీలో పుడుతుంది. తెలుగు అద్భుత కథ ఆనాటి నుంచీ ఆగుతూ నడిచేదే. ఎక్కడ ఆపాలో తెలియడమే ఇందులో అసలు విద్య అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. లోకం ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి సంగతి.

ఉత్తరాదిన ఇదే కాలానికి దగ్గర్లో మరో రెండు పెద్ద ప్రయత్నాలు జరిగాయి. లక్నోలోని నవల్‌కిశోర్ ప్రెస్సు 1883 నుంచి 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'ను సంపుటాలుగా అచ్చువేసింది. దాస్తాన్ చెప్పే కథకుల నోటినుంచి కాగితం మీదికి వచ్చిన కథ అది. దేవకీనందన్ ఖత్రీ 'చంద్రకాంత' రాశాడు, దానికి కొనసాగింపుగా 'చంద్రకాంతా సంతతి'ని ఇరవై నాలుగు భాగాలు చేశాడు. ఖత్రీ రచయిత కాకముందు చకియా, నౌగఢ్ అడవుల్లో కాంట్రాక్టులు చేసినవాడు. అక్కడ తిరుగుతూ చూసిన పాడుబడ్డ కోటలు, గుట్టల్లోని సొరంగాలే ఆయన తిలిస్ములు, అంటే మాయా కట్టడాలు, అయ్యాయి. రచయిత తన ఉద్యోగం తిప్పిన దారుల్లోంచి లోకాన్ని తీసుకోవచ్చనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఈ సంగతి ఖరగ్‌పూర్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

తెలుగులో కాశీమజిలీలకూ చందమామకూ నడుమ కాలంలో కొవ్వలి లక్ష్మీనరసింహారావు నవలలు రైల్వే స్టేషన్లలో విపరీతంగా అమ్ముడుపోయాయి. 'జగజ్జాణ' పేరుతో ఆయన జానపద నవలనూ భాగాలు భాగాలుగా తెచ్చాడు. రైల్లో కొని, దిగేలోగా చదివేసి, తర్వాతి భాగం కోసం మళ్లీ స్టాలు దగ్గర నిలబడే పాఠకుణ్ని తయారు చేసింది ఆ చౌక పుస్తకాలే.

చందమామ పాఠం

తెలుగు అద్భుత ధారావాహికను రచనా పద్ధతిగా పరిశీలించాలంటే దాసరి సుబ్రహ్మణ్యం దగ్గర ఆగక తప్పదు. తెనాలి ప్రాంతం నుంచి మద్రాసు వెళ్లి 1952లో చందమామలో చేరాడు. 1954లో 'తోకచుక్క' మొదలైంది. తర్వాత 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 1978లో మొదలైన 'భల్లూక మాంత్రికుడు', మొత్తం పన్నెండు. వీటిలో దేని మీదా అచ్చయిన నాడు రచయిత పేరు లేదు. ఇంగ్లండులో టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి సంపుటం వచ్చింది కూడా 1954లోనే. ఆయన దాన్ని పన్నెండేళ్లకు పైగా చెక్కాడు, ముందు భాషలు కల్పించి ఆ భాషలు మాట్లాడే జనాన్ని తర్వాత పుట్టించాడు. దాసరికి అంత వ్యవధి ఎక్కడిది? నెలకొక భాగం, కొన్ని పేజీలు, తప్పితే సంచిక ఆగిపోతుంది.

ఆ భాగపు నిర్మాణం చూడండి. మొదట కుండలీకరణాల్లో జరిగిన కథ, నాలుగైదు వాక్యాలు. వెంటనే గత నెల వదిలేసిన ప్రమాదంలోకి దూకుడు. మధ్యలో ఒక కొత్త జీవి, లేదా పాత శత్రువు కొత్త ఎత్తు. చివర ఎవరో చెట్టు మీంచి దూకబోతుండగానో, గుహలోంచి ఒక గొంతు వినిపించగానో 'ఇంకా వుంది'. పైకి ఇది చాలా సులువైన సూత్రంలా కనిపిస్తుంది. కిటుకంతా ఆ మొదటి నాలుగైదు వాక్యాల్లో ఉంది. ఇన్ని నెలల కథనూ నాలుగు వాక్యాల్లోకి తేలేకపోతున్నామంటే కథ చిక్కుపడిందని రచయితకు అక్కడే తెలిసిపోతుంది. జరిగిన కథలో చోటు దక్కని పాత్ర మీద పాఠకుడికి కూడా పట్టు ఉండదు. ఇవాళ నవలామాలిక రాసేవాళ్లు ప్రతి అధ్యాయం ముందూ అచ్చులో లేకపోయినా తమ కోసం ఇలాంటి సారాంశం రాసుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

రెండో కిటుకు నాయకుల జంట. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. 'మాయాసరోవరం'లో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒక్క నాయకుడే ఉంటే అతని ఆలోచనలన్నీ రచయితే వర్ణించి చెప్పాలి. ఇద్దరుంటే వాళ్లే మాట్లాడుకుంటారు, తగువులాడతారు, ఒకరి తొందరపాటును ఇంకొకరు సర్దుతారు. కొద్ది పేజీల్లో కథ కదలాలంటే సంభాషణ కంటే వేగమైన వాహనం లేదు.

మూడోది బొమ్మ. 'చిత్ర' పేరుతో బొమ్మలు వేసిన టి.వి. రాఘవన్ ఈ సీరియళ్లకు సహరచయిత అన్నా అతిశయోక్తి కాదు. మొసలి మొహాలు, ఖడ్గమృగం మీద స్వారీ, కొమ్ముల శిరస్త్రాణాలు, ఆకుల గుడారాలు కుంచె తీర్చాక రచయిత వాటిని వర్ణిస్తూ కూర్చోనక్కర్లేకపోయింది. దాసరి వాక్యాలు పొట్టిగా, క్రియ మీదే నడుస్తాయి. బొమ్మలు లేని నవల రాసేవాళ్లు ఆ పొదుపును అలాగే ఎత్తుకొస్తే మాత్రం చప్పగా ఉంటుంది.

సంపాదకత్వం సంగతి కూడా చెప్పాలి. 1952 నుంచి 1980లో మరణించే దాకా కొడవటిగంటి కుటుంబరావు చందమామ పనిని నడిపించాడు. వచ్చిన ప్రతి కథనూ ఒకే తేట వాడుకభాషలోకి తిరగరాసేవాడు. కుటుంబరావు హేతువాది. దయ్యాన్ని నమ్మనివాడి చేతుల మీదుగా ఇన్ని దయ్యాల కథలు పోవడం విడ్డూరంగా అనిపించవచ్చు, కానీ మాయ నమ్మకం కానప్పుడు దాన్ని యంత్రంలా బిగించి చూడటం కుదురుతుంది.

వ్యవస్థాపకుల్లో ఒకరైన చక్రపాణి బెంగాలీ నేర్చుకుని శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చినవాడు. 1960ల నడుమ బంకిం చంద్రుడి 'దుర్గేశనందిని' చందమామలో ధారావాహికగా వచ్చింది. 1966లో 'పాతాళదుర్గం'తో దాసరి మళ్లీ మొదలుపెట్టాడు. బెంగాలీ చారిత్రక నవల, తెలుగు మాంత్రికుల సీరియల్ ఒకే పత్రికలో చోటు కోసం పోటీపడిన సందర్భమది. ఏది నెగ్గిందో తర్వాతి సీరియళ్ల జాబితా చూస్తే తెలుస్తుంది.

మాయకు కట్టుబాట్లు

అద్భుత కథలో ఏదైనా జరగొచ్చు అనుకుంటే కథ చచ్చిపోతుంది. మాంత్రికుడికి ఏం చేతకాదో ముందు తేల్చుకోవాలి. తెలుగు పల్లెల్లో బాలనాగమ్మ కథ విన్నవాళ్లందరికీ ఇది తెలిసిన విషయమే. మాయల ఫకీరు ఏ రూపమైనా ఎత్తగలడు, మనుషుల్ని రాళ్లు చేయగలడు, కానీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. ఆ ఒక్క లోటే కథ మొత్తాన్ని నడుపుతుంది.

బెంగాల్ వైపు ఇదే ఆలోచన ఇంకా మెలికపడి కనిపిస్తుంది. లాల్ బిహారీ డే 1883లో అచ్చువేసిన బెంగాల్ జానపద కథల్లో రాక్షసుల ప్రాణం చెరువు అడుగున స్ఫటిక స్తంభం మీద ఉన్న రెండు తేనెటీగల్లో ఉంటుంది. ఒక్క ఊపిరిలో మునిగి వాటిని పైకి తేవాలి. చంపేటప్పుడు ఒక్క నెత్తుటి చుక్కైనా నేల మీద పడకూడదు. పడితే ఆ చుక్కలోంచి వెయ్యిమంది రాక్షసులు లేస్తారు. చిలక కథలో నియమం ఒకటే: దూరం. ఇక్కడ మూడున్నాయి: లోతు, ఊపిరి, నెత్తురు. మూడింటికీ మూడు రకాల నేర్పు కావాలి, మూడో దానిలో తప్పు చేస్తే మొదటికి మోసం. నవలామాలికకు పనికొచ్చేది ఈ రెండో రకం నియమం. దానిలో వైఫల్యానికి కూడా కథ ఉంది. చిలక దొరికితే ఒక్క నవలతో సరి. చుక్క నేల రాలితే రెండో నవల మొదలవుతుంది.

నియమాన్ని పాఠకుడికి ముందే చెప్పాలి. అవసరం వచ్చినప్పుడు జోలెలోంచి కొత్త మంత్రం తీసే సాధువును పాఠకుడు ఒకసారి క్షమిస్తాడు, రెండోసారి పుస్తకం మూసేస్తాడు.

పేర్లు, పటాలు, ఊరు

ఉర్సులా లెగ్విన్ తన 'ఎర్త్‌సీ' లోకానికి ముందు ద్వీపాల పటం గీసుకుంది, కథ ఆ పటం మీద నడిచింది. తెలుగు సీరియల్‌కు పటం ఎప్పుడూ లేదు. తూర్పున అడవి, ఉత్తరాన పర్వతం, నడుమ ఒక నది, అంతే. పేర్లు మాత్రం జాగ్రత్తగా సంస్కృత సమాసాలు: ఖడ్గవర్మ, జయశీలుడు. ఈ పేర్లు హిందీలోకీ ఒడియాలోకీ బెంగాలీలోకీ ఉన్నవి ఉన్నట్టే వెళ్లిపోతాయి. మల్లయ్య, అప్పలస్వామి అయితే వెళ్లవు. అన్ని భాషల్లోకీ పోగల తేలికతనం కోసం తెలుగు సీరియల్ తన ఊరి వాసన వదిలేసుకుంది. దీన్ని తప్పని అనలేం, ఆ తేలికే దాన్ని అంతమంది పిల్లల దగ్గరికి చేర్చింది. అయితే ఇవాళ కొత్తగా రాసేవాళ్లకు ఆ బరువు మోయడం మీద నిషేధమేమీ లేదు.

ఖరగ్‌పూర్ ఎంత సామగ్రి ఇవ్వగలదో చూస్తే ఈ మాట తేటపడుతుంది. ఇందా ప్రాంతంలో ఖడ్గేశ్వర శివాలయం ఉంది, ఊరి పేరును దానితో ముడిపెడతారు. అక్కడే హిడింబేశ్వరి గుడి. భీముడు హిడింబను కలిసిన వనం ఇదేనని స్థానికుల నమ్మకం. పట్నంలో పీర్ లోహానీ దర్గా ఉంది, అన్ని మతాలవాళ్లూ మొక్కుకుంటారు. తెలుగు పేటల్లో ఎండాకాలంలో అమ్మవారికి మాతాపూజలు జరుగుతాయి. పక్కనున్న హిజ్లీ ఒకప్పటి రాజ్యం. బ్రిటిషువాళ్లు అక్కడ కట్టిన నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న కాల్పులు జరిపి సంతోష్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపారు. ఆ భవనంలోనే 1951లో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. బంకిం చంద్రుడు 1860లో డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేసిన కాంథీ తీరం అప్పట్లో ఇదే మేదినీపూర్ జిల్లాలోది. సముద్రపు ఒడ్డున కాపాలికుడితో 'కపాలకుండల' కథ అక్కడే మొదలవుతుంది. రాక్షసి, పీరు, గ్రామదేవత, కాపాలికుడు, జైలు, ఇంజనీరింగ్ కాలేజీ. ఇన్ని ఉన్నాక కొరత సామగ్రిది కాదు. వీటిలో దేన్ని వదిలేయాలన్నదే రచయిత తేల్చుకోవలసింది.

ఒక నమూనా అల్లి చూడవచ్చు. హిడింబ సంతతి ఇంకా ఆ అడవిలో ఉన్నదనుకుందాం. వాళ్లు కోరిన రూపం ధరించగలరు, ఇనుము తగిలితే అసలు రూపం బయటపడుతుంది. ఇనుముకు దయ్యం జడుస్తుందని మన ఇళ్లలో ఉన్న నమ్మకమే ఇది, కొత్తగా కల్పించిందేమీ లేదు. ఇప్పుడు ఆ అడవి నడుమ రైలుపట్టా పడింది. అడవి రెండు ముక్కలైంది, అటు తల్లి, ఇటు బిడ్డ. దాటేదెలా? ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ నడుమ కంసాయ్ నది ఉంది. రైలు వంతెన కింద నీళ్లలోంచి పోవచ్చు, కాబట్టి వానాకాలం వరద కథలో ప్రమాదమైంది. పట్టాలు రోజూ పట్టుకునే గ్యాంగ్‌మన్ వీళ్లను గుర్తుపట్టగల ఒకే ఒక్క మనిషయ్యాడు. ఆపైన ఒక లొసుగు. పట్టా కింద పరిచిన స్లీపర్లు సాలకర్రవి. ఈ ప్రాంతమంతా సాల అడవే, ఆ కర్ర తమ అడవి బిడ్డే. ఇనుము తాకకుండా స్లీపర్ల మీదే అడుగులేస్తే రాక్షసి పట్టాల నడుమ నుంచి ఊళ్లోకి నడిచి రాగలదు.

ఒక తెల్లవారుజామున గ్యాంగ్‌మన్ ఆ నడక చూస్తాడు. "ఏటమ్మా, పట్టా మీద కాలెట్టవేటి? స్లీపర్లు ఎంచుకుని మరీ అడుగులేస్తన్నావు" అంటాడు. ఈ ఒక్క మాటతో శ్రీకాకుళం యాస, అతని వృత్తి కన్ను, కథలోని నియమం మూడూ పాఠకుడికి అందిపోయాయి. మొదటి నవల ఇక్కడ తెరుచుకుంటుంది. రెండో నవలలో రాక్షసులు ఊళ్లో స్థిరపడతారు, కార్ఖానా గేటు దగ్గరికి మాత్రం పోలేరు. మూడో నవల నాటికి రైల్వే సాలకర్ర తీసేసి కాంక్రీటు స్లీపర్లు వేస్తుంది. లొసుగు మూసుకుపోయింది, ఊళ్లో ఉన్నవాళ్లు ఊళ్లోనే చిక్కుకున్నారు. చరిత్రలో నిజంగా జరిగిన చిన్న సాంకేతిక మార్పు మూడో సంపుటానికి సంక్షోభం ఇచ్చింది. నియమం ఒక్కటి బలంగా ఉంటే తక్కినదాన్ని ఊరే సమకూరుస్తుంది.

ఇందులో తప్పటడుగు వేసే చోటు కూడా స్పష్టం. హిడింబేశ్వరి భక్తులు పూజించే దేవత. రాక్షసి అన్న మాటను కథలో ఎవరు అంటున్నారు, ఏ ఉద్దేశంతో అంటున్నారు అన్నది రచయిత చూసుకోకపోతే అడవి జనాన్ని రాక్షసులుగా చిత్రించే పాత అలవాటులోకి కథ జారిపోతుంది. సంతాల్ పల్లెలు పక్కనే ఉన్న నేల మీద ఇది ఊహాజనితమైన భయమేమీ కాదు.

ఏళ్ల తరబడి రాయడం

మొదటి నవలలో ఎడమ భుజం మీద పుట్టుమచ్చ మూడో నవలలో కుడి భుజం మీదికి వస్తే పాఠకుడు ఊరుకోడు. టోల్కీన్ తన ప్రయాణికులు ఏ రాత్రి ఎక్కడున్నారో, ఆ రాత్రి చంద్రుడి కళ ఏమిటో లెక్కలు సరిచూసుకున్నాడు. రౌలింగ్ 'హ్యారీ పోటర్'కు అధ్యాయాల వారీగా గళ్ల పట్టీలు గీసుకుంది. తెలుగు రచయితలకు పంచాంగం చేతికి అందే వస్తువే. కథాకాలానికి ఒక ఏడాది పంచాంగం ఎంచుకుని తిథులు దాని ప్రకారం నడిపితే అమావాస్య పూజలు, పున్నమి ప్రయాణాలు వాటంతట అవే సర్దుకుంటాయి.

విశ్వనాథ సత్యనారాయణ పద్ధతి వేరు. ఆయన నోటితో చెబుతుంటే ఇంకొకరు రాసుకునేవారు. 'పురాణవైర గ్రంథమాల' పన్నెండు నవలలు, నేపాళ రాజవంశ నవలలు ఆరు, కాశ్మీర రాజవంశ నవలలు ఆరు. చరిత్రా మంత్రశాస్త్రమూ కలగలిసిన నవలామాలికలు తెలుగులో ఇంత విరివిగా మరొకరు రాయలేదు. పురాణవైర గ్రంథమాల 'భగవంతుని మీది పగ'తో మొదలవుతుంది, ఆ వైరమే శతాబ్దాల మీదుగా నవల నుంచి నవలకు పాకుతుంది. పాశ్చాత్య చరిత్రకారుల కాలగణనను తిరస్కరిస్తూ కోట వెంకటాచలం చేసిన లెక్కలు దానికి వెన్నెముక. ఆ చరిత్రను ఒప్పుకోనివాళ్లు కూడా ఒక సంగతి గమనించాలి. పాత్రలు చచ్చిపోయినా పగ చావదు కాబట్టి, ప్రతి నవలా కొత్త మనుషులతో మొదలై కూడా కొనసాగింపే అవుతుంది. నోటితో చెప్పడం వల్ల వాక్యాలకు మాట్లాడే ఊపు వచ్చింది, కథలోంచి పక్కదారులు పట్టే స్వేచ్ఛ కూడా వచ్చింది. కొందరికి ఆ పక్కదారులే ఇష్టం, కొందరు వాటి దగ్గరే పుస్తకం దించేస్తారు.

నవలామాలికకు పెద్ద గండం రచయిత ఆయుష్షు. ఖత్రీ 'భూత్‌నాథ్' పూర్తిచేయకుండానే పోతే కొడుకు దుర్గాప్రసాద్ ఖత్రీ ముగించాడు. బెంగాల్‌లో విభూతిభూషణ్ బందోపాధ్యాయ్ మొదలుపెట్టిన తారానాథ్ తాంత్రికుడి కథల్ని కొడుకు తారాదాస్ కొనసాగించాడు. కొడుకు అందుకోగలిగాడంటే తండ్రి వేసిన కట్టుబాట్లు బయటివాడికి కూడా అర్థమయ్యేంత స్పష్టంగా ఉన్నాయన్నమాట. తారానాథ్ కథలకు ఇంకో సౌలభ్యం కూడా ఉంది: ముసలి తాంత్రికుడు ఇంట్లో కూర్చుని, వచ్చిన మిత్రులకు తన పాత అనుభవాలు చెబుతాడు. ఎన్ని కథలైనా కలుపుకోవచ్చు, ఏ కథ దగ్గరైనా ఆపేయవచ్చు. మణిసిద్ధుడి మజిలీలకు ఇది బెంగాలీ బంధువు. యతి నడుస్తూ చెప్పాడు, తాంత్రికుడు కూర్చుని చెప్పాడు, అంతే తేడా.

ఇప్పటి వేదికలు

వారపత్రికల సీరియళ్ల కాలంలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'తో, దాని కొనసాగింపు 'తులసి'తో మంత్రతంత్రాలను రాజమహళ్ల నుంచి నగరపు ఇళ్లలోకి, ఆసుపత్రుల్లోకి తెచ్చాడు. కోల్‌కతాలో పెరిగిన సమిత్ బసు 2000ల దశకంలో 'గేమ్‌వరల్డ్' నవలాత్రయాన్ని ఇంగ్లిషులో రాశాడు, పురాణాలూ పాశ్చాత్య అద్భుత కథలూ కలిపి వెక్కిరిస్తూ.

తెలుగులో ఇవాళ కొత్త నవలామాలికలు ఎక్కువగా ఫోనులో పుడుతున్నాయి. బెంగళూరులో 2014లో మొదలైన ప్రతిలిపి తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ భాషలన్నింటిలోనూ ధారావాహికలు నడుపుతోంది. భాగం పొట్టిది, చివర ఉత్కంఠ తప్పదు, పాఠకుల వ్యాఖ్య వెంటనే వస్తుంది. దాసరి కాలంలో ఉత్తరం మద్రాసు చేరేసరికి తర్వాతి భాగం అచ్చుకు పోయి ఉండేది, రచయితకు ఆ ఆలస్యమే రక్ష. ఇప్పుడు ఎవరికో నచ్చలేదని మాంత్రికుణ్ని మధ్యలో మంచివాణ్ని చేసేయాలన్న ఒత్తిడి అదే రాత్రి వస్తుంది. అనుభవమున్న రచయితలు పది పదిహేను భాగాలు ముందే రాసిపెట్టుకుని, ఆ తర్వాతే మొదటిది బయటపెడతారు.

ఖరగ్‌పూర్ వంటి చోట్ల లిపి మరో చిక్కు. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడే పిల్లలు బడిలో హిందీ, బెంగాలీ, ఇంగ్లిషు చదువుతారు, తెలుగు అక్షరాల దగ్గర తడబడేవాళ్లు ఎక్కువ. వాళ్లకు కథ చేరాలంటే వినిపించేది కావాలి. చెవికి రాసే సీరియల్‌లో పొడుగు సమాసాలు నిలవవు. ఒకే అక్షరంతో మొదలయ్యే రెండు పేర్లు పక్కపక్కన పెడితే శ్రోత తికమకపడతాడు. ఎవరు మాట్లాడుతున్నారో బొమ్మ చూపించదు కాబట్టి ప్రతి పాత్రకూ ఒక మాటతీరు ఉండాలి. గ్యాంగ్‌మన్‌కు ఉత్తరాంధ్ర యాస, పీరు దర్గా ముజావరుకు హిందీ కలిసిన తెలుగు, అడవి నుంచి వచ్చినామెకు ఎవరి దగ్గర నేర్చుకుంటే వాళ్ల మాట. ఆ చివరి పాత్ర యాస భాగం భాగానికీ మారుతూ పోతే, ఆమె ఊళ్లో ఎవరెవరి ఇళ్లకు వెళుతోందో శ్రోతకు చెప్పకుండానే తెలుస్తుంది.